ఎండలో పరుగు – 3వ పాఠం: ఒంటికి వేడి నేర్పే పద్నాలుగు రోజులు

మొదటి పాఠంలో బూట్లు, దారి ఎంచుకోవడం చూశాం. రెండో పాఠంలో మాట్లాడుకుంటూ పరుగెత్తడం అలవాటు చేసుకున్నాం. పక్కవాళ్ళతో ఒక పూర్తి వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోకుండా చెప్పగలిగితే ఆ వేగం మీకు సరైనదని చెప్పాను. ఈ పాఠానికి కూడా అదే పునాది. అది ఇంకా కుదరని వాళ్ళు మరో వారం దాని మీదే ఉండండి, తొందరేమీ లేదు.

ఈ పాఠం నేను దెబ్బ తిని నేర్చుకున్నది. పోయినేడాది ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆఫీసు పని మీద మా బావ బెంగళూరులో ఉండాల్సి వచ్చింది. బావ అంటే మా ఆయనే, పెళ్ళికి ముందు నుంచీ అలాగే పిలుస్తాను. నేనూ కూడా వెళ్ళాను. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. తెల్లవారుజామున చల్లగా, హాయిగా ఉండేది. ఇద్దరం రోజూ పరుగెత్తేవాళ్ళం. మార్చి చివరికి పది కిలోమీటర్లు అలుపు లేకుండా పూర్తి చేస్తున్నాం. ఏప్రిల్ మొదటి వారంలో విజయవాడ వచ్చేశాం. వచ్చిన మర్నాడే పటమటలో ఇంటి నుంచి బయల్దేరి, బందరు రోడ్డు మీదుగా స్టేడియం వైపు అదే వేగంతో పరుగు మొదలుపెట్టాను. మూడో కిలోమీటరు దాటాక గుండె దడ, కళ్ళ ముందు చుక్కలు. నాలుగో కిలోమీటరులో రోడ్డు పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాను. బావ చేతిలో సీసాలో ఉన్న నీళ్ళన్నీ నా తల మీద, మెడ మీద పోసి, ఆటోలో ఇంటికి తీసుకొచ్చాడు.

నా కాళ్ళలో బలం రాత్రికి రాత్రి ఎక్కడికీ పోలేదు. ఒళ్ళు వేడిని మర్చిపోయింది, అంతే. వేడికి అలవాటు పడటం శరీరం నేర్చుకునే విద్య. రెండు వారాల్లో వస్తుంది. వాడకపోతే మూడు, నాలుగు వారాల్లో చాలా వరకు పోతుంది. పుట్టింది విజయవాడలోనే కదా, నాకు ఎండ కొత్తా అని నేను అనుకున్నాను. పుట్టిన ఊరితో దీనికి సంబంధం లేదు, గడిచిన రెండు వారాలు ఎక్కడ, ఎలా గడిపామన్నదే లెక్క. ఇదే ఊళ్ళో ఉంటూ పగలంతా ఆఫీసు ఏసీలో, రాత్రంతా పడకగది ఏసీలో గడిపేవాళ్ళ ఒంటికి కూడా మే నెల కొత్తగానే ఉంటుంది.

కారణం అర్థమైతే ఓపిక వస్తుంది కాబట్టి కొంచెం లెక్క చేద్దాం. పరుగులో కిలో బరువుకి కిలోమీటరుకి సుమారు ఒక కిలో కేలరీ ఖర్చవుతుంది. అరవై కిలోల మనిషి పది కిలోమీటర్లు పరుగెత్తితే 600. ఇందులో దాదాపు నాలుగింట మూడు వంతులు, అంటే 450 కిలో కేలరీలు, వేడిగా మారతాయి. ఆ వేడి ఒక్క పిసరు కూడా బయటికి పోకుండా ఒంట్లోనే ఉండిపోతే శరీర ఉష్ణోగ్రత దాదాపు తొమ్మిది డిగ్రీలు పెరుగుతుంది. 37 డిగ్రీల ఒంటికి 40 దాటితేనే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి పరుగెత్తినంత సేపూ ఒళ్ళు చేసే ముఖ్యమైన పని వేడిని బయటికి తోయడమే.

తోసేది చెమట. ఒక లీటరు చెమట చర్మం మీద ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. ఇక్కడ ‘ఆవిరైతే’ అన్న మాట కింద గీత గీసుకోండి. కారి నేల మీద పడిన చెమట మనల్ని చల్లబరచదు, ఒంట్లో నీళ్ళు పోవడమే మిగులుతుంది. మనకి కృష్ణ ఒడ్డునా, కోస్తా ఊళ్ళన్నిటా ఉన్న కష్టం ఇదే. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు. అనంతపురంలో 40 డిగ్రీల పొడి సాయంత్రం కన్నా మచిలీపట్నంలో 33 డిగ్రీల ఉక్కపోత పరుగుకి ఎక్కువ కష్టంగా అనిపించడానికి కారణం అది. ఫోన్‌లో ఉష్ణోగ్రత ఒక్కటే చూసి బయల్దేరకండి, పక్కనే తేమ శాతం కూడా ఉంటుంది, రెండూ చూడండి.

2019లో దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. ఎండకి భయపడి మహిళల మారథాన్‌ని అర్ధరాత్రి మొదలుపెట్టారు. అయినా 32 డిగ్రీలు పైనే ఉంది, తేమ 70 శాతం దాటింది. బయల్దేరిన 68 మందిలో 28 మంది పూర్తి చేయలేకపోయారు. గెలిచిన కెన్యా క్రీడాకారిణికి 2 గంటల 32 నిమిషాలు పైన పట్టింది. ఆమే అదే ఏడాది జనవరిలో దుబాయ్‌లో 2 గంటల 17 నిమిషాల్లో పరుగు ముగించింది. అంటే ప్రపంచంలో అందరికన్నా బాగా పరుగెత్తేవాళ్ళు కూడా ఉక్కలో పావుగంట వెనక్కి తగ్గి గెలిచారు. మే నెలలో మీకు కిలోమీటరుకి నిమిషం ఎక్కువ పడితే అది ఓటమి అనుకోకండి. నేను ఆ ఏప్రిల్‌లో అనుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక పద్నాలుగు రోజుల పని. మొదటి మూడు రోజులు ఇరవై ఐదు నిమిషాలు చాలు. రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. నాకు ఈ మూడు రోజులే చాలా కష్టమయ్యాయి. ఒళ్ళు నొప్పి లేదు, ఆయాసం లేదు, ‘ఇంత తక్కువా’ అని మనసు ఒప్పుకోదు. ఒప్పించండి. నాలుగో రోజు నుంచి ఏడో రోజు దాకా నలభై నిమిషాలు. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఈ రోజుల్లోనే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, గుండె అదే వేగానికి తక్కువసార్లు కొట్టుకుంటుంది. ఎనిమిదో రోజు విశ్రాంతి. తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా యాభై నిమిషాల నుంచి గంట వరకు, రెండో పాఠంలో చెప్పిన మాట్లాడే వేగంతో. ఈ రెండో వారంలో చెమట ముందే పట్టడం మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. నల్ల టీషర్టు వేసుకుంటే ఇది కంటికి కనిపిస్తుంది. మొదటి వారం ఆరిన చొక్కా వీపు మీద తెల్లటి ఉప్పు గీతలు మ్యాప్ గీసినట్టు ఉండేవి. పన్నెండో రోజుకి అవి సన్నబడ్డాయి. ఆ రోజు బావ ఆ చొక్కాని బకెట్‌లో వేయకుండా నాకు చూపించడానికి దండెం మీద ఆరేసి ఉంచాడు.

ఏ వేళకి వెళ్ళాలి? తెల్లవారుజాము చల్లన, కానీ తేమ అప్పుడే ఎక్కువ. సాయంత్రం తేమ తగ్గుతుంది, కానీ రోడ్డు, గోడలు పగలు తాగిన వేడిని కక్కుతుంటాయి. నా ఓటు తెల్లవారుజాముకే. సూర్యుడు నెత్తి మీద లేకపోవడం అన్నిటికన్నా పెద్ద లాభం. మేలో ఇక్కడ ఐదున్నర దాటగానే తెల్లవారుతుంది, కాబట్టి మేము నాలుగున్నరకి లేచి ఐదు లోపే రోడ్డు మీద ఉంటాం. కృష్ణ ఒడ్డున పద్మావతి ఘాట్ వైపు వెళ్ళిన రోజున గాలి కాస్త ఆడుతుంది, గాలి ఆడితే చెమట ఆరుతుంది. వేడి నేర్పడం అంటే మిట్టమధ్యాహ్నం పరుగెత్తడం అని అర్థం చేసుకోకండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఉదయపు ఉక్క చాలు. దానికి తోడు పగలు ఏసీ కొంచెం తగ్గించండి, నిద్ర లేవగానే ఏసీ ఆపి అరగంట ఫ్యాన్ కింద ఉండి అప్పుడు బయటికి వెళ్ళండి.

ఇప్పుడు చెమట లెక్క. దీనికి బరువు తూచే మెషిన్ ఒకటి కావాలి. పరుగుకి ముందు ఒకసారి, వచ్చాక ఒళ్ళు తుడుచుకుని మరోసారి, రెండుసార్లూ తడి బట్టలు లేకుండా తూచుకోండి. ఒక కిలో తగ్గితే ఒక లీటరు చెమట పోయినట్టు. మధ్యలో తాగిన నీళ్ళని కలపండి. ఏప్రిల్ చివర ఒక రోజు మా లెక్క ఇది. యాభై నిమిషాల పరుగు. నేను 58.4 నుంచి 57.7కి వచ్చాను, దారిలో పావు లీటరు తాగాను. మొత్తం 950 మిల్లీలీటర్లు. బావ 74 నుంచి 72.6కి వచ్చాడు, 300 మిల్లీలీటర్లు తాగాడు. మొత్తం 1.7 లీటర్లు. ఒకే దారి, ఒకే వేగం, ఒకే గాలి, అయినా అతని చెమట నాకు దాదాపు రెట్టింపు. బరువులో రెండు శాతం దాటి తగ్గితే పరుగు దెబ్బతింటుంది. అతను ఆ గీత దగ్గరికి వచ్చేశాడు, నేను చాలా ఇవతలే ఉన్నాను. అంతకుముందు ఇద్దరం ఒకే సైజు సీసా పట్టుకెళ్ళి సమానంగా తాగేవాళ్ళం. ఆ రోజు నుంచి అతనికి పెద్ద సీసా, నాకు చిన్నది.

ఎక్కువ తాగితే మంచిదే కదా అనకండి. పోయిన చెమట కన్నా ఎక్కువ నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వికారం, అయోమయం వస్తాయి, ముదిరితే ప్రాణాపాయం. పరుగు అయ్యాక బరువు మొదటి కన్నా పెరిగి ఉంటే అది హెచ్చరిక. గంట లోపు పరుగుకి మామూలు నీళ్ళు చాలు. గంట దాటితే ఉప్పు కావాలి. లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అన్నీ తలకొట్టిన చిన్న చెంచాలు. ఇంటికి వచ్చాక ఉప్పు వేసిన పలచటి మజ్జిగకి సాటి లేదని నా నమ్మకం. రాత్రే తోడు పెట్టి, కుండ పక్కన గిన్నె ఉంచేస్తాను. కొబ్బరి నీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ, కాబట్టి చిటికెడు ఉప్పు వేసుకోండి. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్ళు ఉప్పు విషయం డాక్టరుని అడగకుండా మొదలుపెట్టవద్దు.

ఆడవాళ్ళకి ఒక మాట, దీన్ని దాచాల్సిన అవసరం లేదు. నెలలో అండం విడుదలైనప్పటి నుంచి నెలసరి వచ్చే దాకా ఒంటి ఉష్ణోగ్రత సుమారు 0.3 నుంచి 0.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. ఆ రోజుల్లో అదే వేగం బరువుగా అనిపించవచ్చు. నోట్‌బుక్‌లో తేదీలు కూడా రాసుకుంటే అది బద్ధకం కాదని మీకే తెలుస్తుంది. నేను బావకి ఆ పేజీ చూపించాక, ఆ వారం వేగం నేనే నిర్ణయించాలని ఇద్దరం అనుకున్నాం.

ఇద్దరు కలిసి పరుగెత్తడంలో పెద్ద రక్షణ ఇంకొకటి ఉంది. వడదెబ్బ మెదడుని ముందు పట్టుకుంటుంది, తగిలినవాళ్ళకి తమ సంగతి తెలియదు. అందుకే ప్రతి రెండు కిలోమీటర్లకీ ఒకళ్ళనొకళ్ళం ఒక ప్రశ్న అడుగుతాం. ‘గ్యాస్ ఎప్పుడు బుక్ చేశాం?’, ‘నిన్న రైతు బజార్‌లో నిమ్మకాయలు ఎన్ని కొన్నాం?’ లాంటివి. జవాబు తడబడితే, విసుగ్గా వస్తే, అడుగు తూలితే, ఎండలో ఉండీ రోమాలు నిక్కబొడుచుకుని చలి వేస్తే, ఆ క్షణమే ఆపేయాలి. నీడకి చేర్చి, బూట్లు విప్పి, తల, మెడ, చంకలు, గజ్జల మీద నీళ్ళు పోస్తూ విసరాలి. ఐసు దొరికితే వాడాలి. మాట తేడాగా ఉంటే 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చే దాకా చల్లబరుస్తూనే ఉండాలి. సరిగ్గా మింగలేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు. ముందు రోజు జ్వరం, విరేచనాలు, నిద్ర లేకపోవడం, మద్యం, వీటిలో ఏది ఉన్నా ఆ ఉదయం పరుగు మానేయండి.

ఈ రెండు వారాల అభ్యాసం. ఒక నోట్‌బుక్‌లో రోజుకి ఒక వరుస. పొద్దున్నే మంచం మీదే మణికట్టు దగ్గర నాడి అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేసి రాయండి. తర్వాత ఉష్ణోగ్రత, తేమ, నిమిషాలు, ముందు బరువు, తర్వాత బరువు, తాగిన నీళ్ళు, మూత్రం రంగు. రంగు పలచటి నిమ్మరసంలా ఉంటే సరే, ముదురు పసుపైతే ఆ పగలంతా నీళ్ళ మీద దృష్టి పెట్టండి. నాడి మామూలు కన్నా పది ఎక్కువగా ఉన్న రోజు నడక మాత్రమే.

పద్నాలుగు వరుసలు నిండాక నాలుగో పాఠం. అందులో ప్రయాణాలు. అరకులో నాలుగు రోజులు చల్లగా గడిపి విశాఖ బీచ్ రోడ్డుకి దిగినప్పుడు మొదటి ఉదయం ఎంత పరుగెత్తాలో, రైల్లో రాత్రి ప్రయాణం చేసి దిగిన రోజున ఏం చేయాలో చూద్దాం. నోట్‌బుక్ బ్యాగులో పెట్టుకోండి.