టమాట మొక్క ఎందుకు చనిపోయిందో కోసి చూసి తెలుసుకోవడం

నిన్నటి వరకు కాయలతో నిండుగా ఉన్న టమాట మొక్క మధ్యాహ్నానికి తల వాల్చేస్తే చాలామంది వెంటనే నీళ్ళు పోస్తారు. అంతకంటే ముందు మొదలు దగ్గర నాలుగు వేళ్ళ లోతు తవ్వి, మట్టిని పిడికిట పట్టి చూడాలి. మట్టి ఉండకట్టేంత తడిగా ఉన్నా మొక్క వాడిందంటే, నేలలో నీరు లేక కాదు, ఉన్న నీరు ఆకుదాకా చేరక వాడిందన్నమాట.

వేరు నుంచి ఆకుకు నీటిని మోసేవి దారువులోని (కాండంలోని చెక్క భాగంలోని) సన్నని గొట్టాలు. వాటిలోని కణాలు పనిలోకి దిగేముందే, ఎవరూ చంపకుండా, తమ లోపలి పదార్థాన్ని తామే జీర్ణం చేసుకుని చనిపోయి, గోడలను మాత్రం మిగులుస్తాయి. మొక్క బతకడానికి ఈ చావులు తప్పనిసరి. అయితే ప్రాణంలేని గొట్టం తనలోకి చొరబడిన సూక్ష్మజీవిని తానుగా ఎదుర్కోలేదు, పక్కనున్న సజీవ కణాలే దానికి అడ్డుపడాలి.

మొక్కను పీకకముందే ఆకులను గమనించాలి. కింది ఆకులు ముందు పసుపుబారి, ఒక్కోసారి ఒక పక్క కొమ్మలే వాడితే ఫ్యుజేరియం శిలీంద్రాన్ని అనుమానించాలి. ఆకులు పచ్చగా ఉండగానే పగలు వాలి, రాత్రి తేరుకుని, కొద్ది రోజులకు ఇక తేరుకోకపోతే రాల్‌స్టోనియా సొలనేసియారం అనే బాక్టీరియాను అనుమానించాలి. అడుగున ఒకటి రెండు ముదురు ఆకులు మాత్రమే పండితే కంగారు అక్కరలేదు, మొక్క వాటిలోని నత్రజనిని లేత ఆకులకు తరలించుకుంటోంది.

అనుమానం తీరాలంటే మొదలు దగ్గర మూడు అంగుళాల కాండం కోసి, గాజు గ్లాసులోని తేట నీటిలో కోసిన కొన మునిగేలా కదలకుండా పట్టుకోవాలి. బాక్టీరియా ఉంటే అయిదారు నిమిషాల్లో కొన నుంచి పాల దారాల్లాంటి తెల్లని జిగురు కిందికి జారుతుంది. గొట్టాలను పూడ్చింది ఈ జిగురే. దారాలు రాకపోతే కాండాన్ని నిలువునా చీల్చాలి. బెరడు కింద గోధుమరంగు చారలు కనిపిస్తే ఫ్యుజేరియం అనుమానం బలపడుతుంది.

కాండం లోపల శుభ్రంగా ఉంటే వేర్లు చూడాలి. వేరును రెండు వేళ్ళతో పట్టి లాగినప్పుడు పైతోలు ఊడి సన్నని దారం మిగిలి, కుళ్ళు వాసన వస్తే, నీరు నిలవడమే కారణం కావచ్చు. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది కనుక వేరు కణాలకు ఊపిరాడదు. వేర్లపై బుడిపెలుంటే నేలలోని నులిపురుగుల పని.

బాక్టీరియా తేలితే ఆకులపై ఎంత పిచికారీ చేసినా ఆ మొక్క కోలుకోదు కాబట్టి ఆ డబ్బు మిగుల్చుకోవడమే మేలు. మొక్కను వేర్లతో, చుట్టూ మట్టితో సహా తీసి కాల్చాలి, ఎరువు గుంతలో వేయకూడదు. చాకును శుభ్రం చేయకుండా మరో మొక్కను తాకించకూడదు. ఆ మడిలో ఇదే తెగులు సోకే వంగ, మిరప, బంగాళాదుంప మానేసి మొక్కజొన్న వేయవచ్చు. టమాటాయే కావాలంటే ఈ తెగులును బాగా తట్టుకునే ఉస్తి (వంగ జాతి అడవి మొక్క) మొక్కపై అంటుకట్టిన నారు నాటి, తెగులు నీటితో ఇతర మడులకు పాకకుండా ఆ మడికి నీరు అన్నిటికంటే చివర పెట్టాలి.