షీట్‌లో 71, చార్టులో 64: నా ఆర్‌ఎస్‌ఐ తిప్పలు

ఎక్సెల్‌లో ఒక షేరు ఆర్‌ఎస్‌ఐ (ధరలో పెరుగుదల, తగ్గుదలల్లో దేని జోరు ఎక్కువో 0-100 మధ్య చెప్పే సూచిక) లెక్కేస్తే 71 వచ్చింది, చార్టులో చూస్తే 64. డెబ్బై దాటితే ధర మరీ పెరిగిపోయిందంటారు కదా అని అప్పటికే షేర్లు అమ్మేశాను కూడా! రెండు రాత్రులు ధరల్లో తప్పు వెతికాను. తీరా చూస్తే తప్పు సగటులో ఉంది. నేను ప్రతిసారీ గత 14 రోజుల పెరుగుదలలకూ, తగ్గుదలలకూ మామూలు సగటు తీస్తున్నాను. 1978లో దీన్ని పరిచయం చేసిన వెల్స్ వైల్డర్ పద్ధతిలో మొదటి సగటు ఒక్కటే అలా తీయాలి. తర్వాత నిన్నటి సగటును 13తో హెచ్చించి, ఇవాళ్టి పెరుగుదల కలిపి, 14తో భాగించాలి. తగ్గుదలకూ అంతే. (పెరగని రోజు సున్నా వేయాలి, ఖాళీ వదిలితే మళ్లీ తప్పే.) దీనికి ఈఎంఏ (కొత్త రోజులకు ఎక్కువ బరువిచ్చే సగటు) ఫార్ములా వాడేవాళ్లయితే రోజుల సంఖ్య 14 కాదు, 27 పెట్టాలి.

అయినా కొంచెం తేడా మిగిలింది. నా దగ్గరున్నది 40 రోజుల డేటానే మరి, ఆ మొదటి సగటు ప్రభావం ఇంకా పోలేదు. 250 రోజులది వేశాక దశాంశంతో సహా కలిసింది.