కష్టమైన లెక్కలు ముందు ఇవ్వండి

క్లాసులో అసాధారణ తెలివి ఉన్న పిల్లల్ని గుర్తుపట్టాలనుకునే టీచర్లు ఒకసారి ఇలా చేసి చూడండి. అభ్యాసంలో అన్నిటికన్నా కష్టమైన ఐదు లెక్కలు మొదటే ఇచ్చేయండి. అవి సరిగ్గా చేసినవాళ్లకి మిగతావి మాఫీ అని చెప్పండి. నోట్సు ఎప్పుడూ పూర్తి చేయకుండా, వెనక బెంచీలో పక్కవాణ్ణి గిల్లుతూ కూర్చునే పిల్లోడు ఒక్కోసారి అందరికన్నా ముందు లేస్తాడు. తెలిసిందే మళ్లీ మళ్లీ రాయాలంటే వాడికి విసుగు, అంతే. మిగిలిన టైములో ఇంకో పది లెక్కలు మాత్రం ఇవ్వకండి (తెలివికి శిక్ష వేసినట్టే). వాడినే ఒక కొత్త లెక్క తయారుచేయమనండి.

మన కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, ఆదోని వైపు, ఇంకొకటి చూసుకోవాలి. మిరప కోతలకని అమ్మానాన్నలతో గుంటూరు పోయి నెలల తర్వాత వచ్చిన పిల్లలకి మార్కులు ఎలాగూ తగ్గుతాయి. పోయిన పాఠాలు ఎంత తొందరగా అందుకుంటున్నారో గమనించండి. నన్నడిగితే ర్యాంకు కన్నా అదే గట్టి గుర్తు.

ఇలాంటి పిల్లలు ప్రభుత్వ బడిలో ఎనిమిదిలో ఉంటే, ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకపోతే, ఎన్‌ఎంఎంఎస్ (కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్) పరీక్ష రాయించండి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. అందులో ఒక పేపరు మొత్తం రీజనింగే, బట్టీతో పనిలేదు. కాకపోతే ఏడో తరగతిలో 55 శాతం (ఎస్సీ, ఎస్టీలకి 50) మార్కులుండాలి, అందుకని ఆరులోనే ఓ కన్నేసి పెట్టండి.