కుండీ మట్టిలో గెంతే బుల్లి పురుగులు: మందు కొట్టే ముందు ఇలా చేయండి

మనీప్లాంట్‌కి నీళ్లు పోయగానే మట్టి మీద తెల్లటి నలుసులు కదులుతాయి. వేలు దగ్గరికి తీసుకెళ్తే చటుక్కున గెంతి మాయమవుతాయి. అది చూసి చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "దీనికి ఏ మందు కొట్టాలి?" దయచేసి ఆగండి. ఇళ్లలోని కుండీల్లో ఇలా గెంతేవి చాలావరకు స్ప్రింగ్‌టెయిల్సే. అవి మనల్ని కుట్టవు, కరవవు. ఆకుల్ని కొరకవు. వంటింట్లో బియ్యం జోలికీ అల్మారాలో బట్టల జోలికీ రావు. మట్టిలో పట్టే బూజు, కుళ్లిన ఆకుల ముక్కలు, పాచి, ఇవే వాటి తిండి.

1. ముందు అవి ఏమిటో తేల్చుకోండి

ముదురు రంగు గిన్నెలో ఒక చెంచాడు పైమట్టి వేసి, మునిగేలా నీళ్లు పోయండి. స్ప్రింగ్‌టెయిల్స్ ఒంటికి నీళ్లు అంటవు కాబట్టి అవి పైకి తేలి, నీటి మీదే అటూ ఇటూ తిరుగుతాయి. ఫోన్ కెమెరాను జూమ్ చేసి చూడండి. 1 నుంచి 2 మిల్లీమీటర్ల పొడవు, ఆరు కాళ్లు, ముందు రెండు మీసాలు, రెక్కలు అసలు ఉండవు. పొట్ట కింద చీలిన తోక ఒకటి మడతపెట్టి, చిన్న కొక్కేనికి తగిలించి ఉంటుంది. ప్రమాదం అనిపించగానే ఆ కొక్కెం వదిలేస్తుంది. తోక ఎలుకలబోను స్ప్రింగులా నేలను కొడుతుంది, పురుగు కొన్ని సెంటీమీటర్ల దూరం ఎగిరిపడుతుంది. మట్టి లోతుల్లో బతికే కొన్ని రకాలకు ఈ తోక ఉండదు, అవి గెంతవు. కాబట్టి గెంతలేదని కంగారు పడొద్దు.

నిజంగా పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. కుండీ చుట్టూ చిన్న నల్ల ఈగలు ముసురుతుంటే అవి ఫంగస్ నాట్స్ కావచ్చు. పచ్చి బంగాళదుంప ముక్క ఒకటి మట్టి మీద పెట్టి రెండు మూడు రోజుల తర్వాత ఎత్తి చూడండి. మెరిసే నల్ల తలతో, గాజులాంటి ఒంటితో సన్నని పురుగులు కనిపిస్తే అవి వాటి పిల్లలే. అవి ఎక్కువైతే లేత వేళ్లను తింటాయి. ఇక వేళ్ల మీద, కుండీ అడుగు రంధ్రం దగ్గర దూదిలాంటి తెల్లటి పొర అంటుకుని ఉంటే అది వేరు పిండినల్లి. ఈ రెండింటికీ వైద్యం చేయాలి. స్ప్రింగ్‌టెయిల్స్‌కి అక్కర్లేదు.

2. నీళ్ల లెక్క సరిచూడండి

అసలు విషయం ఇక్కడే ఉంది. స్ప్రింగ్‌టెయిల్స్ చాలావరకు చర్మం ద్వారానే గాలి పీలుస్తాయి. ఒళ్లు ఎండితే బతకలేవు. అంటే అవి పైమట్టిలో గుంపులుగా తిరుగుతున్నాయంటే ఆ మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటోందన్నమాట. రోజూ టైమ్ ప్రకారం నీళ్లు పోసే అలవాటు మానేయండి. వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ అయితే మట్టి బాగా ఎండేదాకా ఆగొచ్చు. ఫెర్న్, పీస్ లిల్లీలను మాత్రం అంతగా ఎండబెట్టకండి. వాటికి తడి కావాలి, ఆ తడితోపాటు నాలుగు స్ప్రింగ్‌టెయిల్స్ ఉన్నా నష్టం లేదు. నీళ్లు పోసిన అరగంటకి కింది పళ్లెంలో మిగిలినవి పారబోయండి. వానాకాలంలో మట్టి ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది, అది గుర్తుంచుకోండి.

3. మట్టి మీద వేసేవి తగ్గించండి

పాలు, పంచదార కలిపి మరిగించిన టీపొడి, బియ్యం కడిగిన నీళ్లు, పులిసిన మజ్జిగ, ఇవన్నీ కుండీల్లో పోసే అలవాటు మన ఇళ్లలో చాలా ఉంది. ఎండ, గాలి తగిలే మిద్దె మీద ఏమో గానీ, గది మూలన ఉన్న కుండీలో మాత్రం ఇవి బూజుకి విందు. బూజు పెరిగితే దాన్ని తినేవీ పెరుగుతాయి. రాలిన ఆకులు ఏరేయండి. కుండీలో నింపే మట్టి మిశ్రమంలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మరీ ఎక్కువైతే నీటిని పట్టుకుని వదలదు. తిరిగి నాటేటప్పుడు పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) గానీ, ముతక ఇసుక గానీ కలిపితే నీళ్లు త్వరగా దిగిపోతాయి.

4. పురుగుమందు జోలికి వెళ్లకండి

పొలంలో కొట్టే మందుని నాలుగు గోడల మధ్య, పిల్లలు తిరిగే చోట వాడటం ఏ రకంగానూ సబబు కాదు. పైగా బూజునీ కుళ్లినవాటినీ తిని మట్టికి మేలు చేసే జీవుల్ని చంపుకుంటాం. స్ప్రింగ్‌టెయిల్స్ ఈ పనిలో ఎంత పాతకాపులంటే, స్కాట్లాండ్‌లోని రైనీలో దొరికిన వాటి శిలాజం సుమారు 40 కోట్ల ఏళ్ల నాటిది. గాజు జాడీల్లో టెర్రేరియం పెంచేవాళ్లు బూజు పట్టకుండా వీటిని కావాలనే తెచ్చి వదులుతారు. నారు ట్రేల్లో మరీ విపరీతంగా పెరిగితే లేత వేళ్లని గీకే అవకాశం కొంత ఉంది. అక్కడ కూడా పైమట్టి కాస్త ఆరనిస్తే చాలు. కుండీ దాటి నేల మీదకొస్తే తడిగుడ్డతో తుడిచేయండి. పొడి గదిలో అవి నిలవలేవు.

5. మొక్క నిజంగానే వాడిపోతుంటే

మట్టి తడిగా ఉన్నా ఆకులు వేలాడుతుంటే మొక్కను కుండీలోంచి మెల్లగా బయటికి తీయండి. వేళ్లు గోధుమ రంగులో మెత్తబడి, వాసన వస్తుంటే అది వేరుకుళ్లు. అక్కడ స్ప్రింగ్‌టెయిల్స్ గుంపులుగా కనిపిస్తాయి, నింద వాటి మీదే పడుతుంది. కానీ ఊపిరాడక వేళ్లు ముందు కుళ్లాయి, తిండి దొరికిందని ఇవి తర్వాత చేరాయి. కుళ్లిన వేళ్లని శుభ్రమైన కత్తెరతో తెల్లటి, గట్టి భాగం వచ్చేదాకా కత్తిరించండి. పాత మట్టి దులిపేసి, అడుగున రంధ్రాలున్న కుండీలో, మిగిలిన వేళ్లకు సరిపడేంత చిన్నదాంట్లో, కొత్త మిశ్రమంతో నాటండి. ఒకసారి కొద్దిగా తడిపి, నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచండి. పైన రెండు అంగుళాల మట్టి ఆరాకే మళ్లీ నీళ్లు పోయండి.