అమెరికాలో మొదటి ఏడాది మనసు కుదుటపడాలంటే

ఆగస్టులో ఎమ్మెస్‌కి దిగినవాళ్లకి మొదటి నెలన్నర బ్యాంక్ అకౌంట్, సిమ్, లీజు, క్లాసులు, ఫొటోలతోనే గడిచిపోతుంది. చాలామందికి దిగులు పట్టుకునేది అక్టోబరు, నవంబరుల్లో. మిడ్‌టర్మ్‌లు మీద పడతాయి, నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, డాలస్‌లో ఉంటే ఇంటికీ మీకూ తేడా పదకొండున్నర గంటలవుతుంది, పెందలాడే చీకటి పడిపోతుంది. నిద్ర పట్టదు, ఊరికే చిరాకు, ఎవరు నవ్వినా మన యాస గురించేనేమో అనిపిస్తుంది.

ఇది మీ ఒక్కరికే కాదు. స్వెర్రె లిస్‌గార్డ్ అనే పరిశోధకుడు అమెరికాలో ఉండి వచ్చిన 200 మంది నార్వే వాళ్లని పరిశీలించి 1955లో ఇలాంటిదే రాశారు, నెలల లెక్క మాత్రం వేరు: 6 నెలల లోపు ఉన్నవాళ్లూ, 18 నెలలు దాటినవాళ్లూ బాగానే కుదురుకున్నారు, మధ్యలోవాళ్లే నలిగిపోయారు. అందరికీ ఇదే వరసలో జరగదని, కొందరికి మొదటి రోజుల్లోనే ఎక్కువ కష్టమని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. కాబట్టి నెలలు లెక్కపెట్టుకోకండి, కానీ బాగా దిగులుగా ఉన్న వారంలో చదువు మానేయాలని మాత్రం తేల్చేసుకోకండి.

తెలుగువాళ్లతోనే ఉంటే ఎదగలేమని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. రాత్రి రూమ్మేట్స్‌తో కలిసి పప్పుచారు పెట్టుకుని తినడం చాలా పెద్ద బలం. మన తీరు వదులుకోకుండా అక్కడివాళ్లతోనూ కలిసేవాళ్లే సాధారణంగా బాగా కుదురుకుంటారని జాన్ బెర్రీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కూడా ఏళ్ల తరబడి చెప్పారు. అలా కలవడానికి పార్టీలకే వెళ్లక్కర్లేదు, వారానికోసారి అవే ముఖాలు కనిపించే చోటు ఒకటి పెట్టుకోండి, బ్యాడ్మింటన్ కోర్టో, స్టడీ గ్రూపో.

ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి తప్పకుండా వెళ్లండి. మన కాలేజీల్లో సార్ గదిలోకి వెళ్లామంటే ఏదో తప్పు చేసినట్టే, ఇక్కడ ఆ గంట మీకోసమే కేటాయిస్తారు. కాగితం మీద లెక్క ఎంతవరకు వచ్చిందో చూపించి, "ఇక్కడ ఆగిపోయాను" అనండి చాలు. రెండుసార్లు వెళ్లేసరికి క్లాసులో చెయ్యెత్తడానికి భయం తగ్గుతుంది.

అప్పు చేసి పంపారు, వాళ్లకెందుకు టెన్షన్ అని ఇంట్లో అంతా బాగుందనే చెబుతాం. సరే, అమ్మకి చెప్పలేకపోతే అక్కకో, ఒక ఫ్రెండ్‌కో ఉన్నదున్నట్టు చెప్పండి. రెండు వారాలైనా నిద్ర, తిండి సరిగా లేకపోతే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లండి. ప్రాణాల మీదికి వచ్చిన పరిస్థితైతే తప్ప, మీరు ఒప్పుకోకుండా ఇంట్లో చెప్పరు. బతకాలని లేదనిపిస్తే ఆ క్షణమే అమెరికాలోని ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, మెసేజ్ పెట్టినా పలుకుతారు, అర్ధరాత్రైనా సరే.