ఆటో వెనక ఏ టైపు ఉందో కంపైలర్ చేతే చెప్పించండి

సీ ప్లస్ ప్లస్‌లో టైపుని కంపైలర్‌కే వదిలేస్తూ ఆటో అని రాశాక ఆ వేరియబుల్‌కి అసలు ఏ టైపు వచ్చిందో తెలియక తల పట్టుకునేవాళ్ల కోసం ఇది. టైప్‌ఐడీతో (టైపు వివరాలిచ్చే ఆపరేటర్) పేరు ప్రింట్ చేసి చూడటాన్ని మాత్రం నమ్ముకోకండి, అది రిఫరెన్స్‌నీ పైనున్న కాన్‌స్ట్‌నీ తీసేసి చెబుతుంది, పైగా జీసీసీ కంపైలర్‌లో ఇంట్ అనే పేరు ఉత్త 'ఐ' అక్షరంగా కనిపిస్తుంది.

ఒక టైపు పారామీటర్ తీసుకునే స్ట్రక్ట్ టెంప్లేట్‌ని డిక్లేర్ చేసి, సెమీకోలన్ పెట్టి వదిలేయండి. బాడీ రాయొద్దు, కిటుకంతా అక్కడే ఉంది. అనుమానం ఉన్న వేరియబుల్‌ని, దాని టైపుని ఇచ్చే డెక్ల్‌టైప్‌లో పెట్టి, ఆ టైపుని ఈ టెంప్లేట్‌కి ఇచ్చి, దాంతో ఒక ఆబ్జెక్ట్ డిక్లేర్ చేయండి. డెఫినిషన్ లేదు కాబట్టి కంపైలర్ అక్కడే ఆగి, టైపు పేరు మొత్తం కాన్‌స్ట్, రిఫరెన్స్‌లతో సహా ఎర్రర్‌లో చూపిస్తుంది.

బూల్‌ల వెక్టర్‌లో మొదటి ఎలిమెంట్‌ని ఆటోలోకి తీసుకుని చూడండి, బూల్ వస్తుందనుకుంటాం కానీ జీసీసీ ఎర్రర్‌లో బిట్ రిఫరెన్స్ అనే క్లాసు పేరు కనిపిస్తుంది, అంటే అది కాపీ కాదు, వెక్టర్ లోపలికి చూస్తున్న ప్రాక్సీ, అంటే అసలు బిట్‌కి బదులుగా నిలబడే ఆబ్జెక్ట్. ఆ వెక్టర్ ఆ లైన్‌తోనే పోయే టెంపరరీ అయితే తర్వాతి లైన్‌లో దాన్ని వాడటమే ప్రమాదం. అలాంటి చోట ఆటో మానేసి బూల్ అనే రాయండి.

డెక్ల్‌టైప్‌లో వేరియబుల్ పేరు చుట్టూ అదనపు బ్రాకెట్లు పెట్టకండి, మామూలు ఇంట్ కూడా ఇంట్ రిఫరెన్స్ అని చూపిస్తుంది. నాలుగైదు టైపులు ఒకేసారి చూడాలంటే టెంప్లేట్‌ని వేరియాడిక్, అంటే ఎన్ని టైపులైనా తీసుకునేలా, చేసుకుంటే చాలు.