తొమ్మిదంగుళాల చెక్క మీద మెల్‌బోర్న్ ఎండ

ఆరుబయట ఎండని బొమ్మగా వేయాలంటే ముందు చిన్న చెక్క తీసుకోండి: 9 అంగుళాల పొడవు, 5 వెడల్పు. 1889లో చిత్రకారులు టామ్ రాబర్ట్స్, ఆర్థర్ స్ట్రీటన్, చార్లెస్ కాండర్ వాళ్లు మెల్‌బోర్న్‌లో పెట్టిన ప్రదర్శనలో చాలా బొమ్మలు ఈ కొలతవే. సిగార్ డబ్బా మూతల మీద వేశారు! చిన్నదైతే వెలుగు మారేలోపు పని అయిపోతుంది.

నేనిక్కడ మెల్‌బోర్న్‌లో యారా నది ఒడ్డున కూర్చుని వేస్తాను. మొదట్లో యూకలిప్టస్‌కి మన వేపచెట్టు పచ్చ పూసేదాన్ని. అది కాదు. దాని ఆకులు కిందికి వేలాడతాయి, మధ్యలోంచి ఎండ జారిపోతుంది. అందుకే పచ్చలో కాస్త ఎరుపు, తెలుపు కలిపి బూడిదరంగు వైపు తేవాలి. ఎండుగడ్డికి ఎల్లో ఓకర్, అంటే మట్టి పసుపు రంగు. నీడలకి నీలం, ఊదా. నలుపు అస్సలు వద్దు.

గంటలో ఆపేయండి. ఇంటికొచ్చాక దిద్దాలనిపిస్తుంది, ముట్టుకోకండి.